మీ నాన్నగారి ప్రశ్నను పక్కన పెట్టకండి

ప్రశ్న: నేను అనంతపురం జిల్లాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ చేస్తున్నాను. వేరుశనగ దిగుబడిని మెషిన్ లెర్నింగ్‌తో ముందుగా అంచనా వేయడం నా టాపిక్. ర్యాండమ్ ఫారెస్ట్‌తో ఆర్-స్క్వేర్ (1కి ఎంత దగ్గరైతే అంచనా అంత సరిపోయినట్టు చెప్పే కొలత) 0.97 దాకా వచ్చింది. ఇప్పుడు మా గైడ్ గారు "ప్రిడిక్షన్ పాతబడింది, రివ్యూయర్లు తిరస్కరిస్తారు, ఎల్‌ఎల్‌ఎం (చాట్‌జీపీటీ లాంటి పెద్ద భాషా మోడల్) పెట్టి రైతులకు తెలుగులో సలహా చెప్పే చాట్‌బాట్‌గా మార్చు" అంటున్నారు. మూడేళ్ళ పని వదిలేయాలా అని టెన్షన్‌గా ఉంది. మొన్న ఊరికి వెళ్తే మా నాన్న "నీ కంప్యూటర్ చెప్పింది నమ్మి విత్తనం వేయొచ్చా అమ్మా?" అని అడిగారు. ఆయన నలభై ఏళ్ళుగా వేరుశనగే వేస్తున్నారు. నాకు సమాధానం తోచలేదు. నమ్మకం మీద ఉన్న పేపర్లు కొన్ని చదివాను గానీ, అదంతా సైకాలజీ వాళ్ళ పనిలా అనిపించింది. నేను ఏ దారిలో వెళ్ళాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మూడేళ్ళ పని వదిలేయక్కర్లేదు. అలాగని దానికో చాట్‌బాట్ తగిలించి కొత్త పరిశోధన అనిపించుకోనక్కర్లేదు. మీరు వేర్వేరు దారులు అనుకుంటున్న మూడూ మీ నాన్నగారు అడిగిన ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయి. కంప్యూటర్ ఏం లెక్కగట్టింది, ఆ లెక్కను రైతుకు ఏ మాటల్లో చెప్పింది, ఆ మాట మీద ఆయన ఎంతవరకు ఆధారపడవచ్చు. ఈ మూడింటినీ ఒకే గొలుసుగా తీసుకుని, ఎక్కడ తెగుతోందో కొలిచి చూపించండి. థీసిస్‌కి అది సరిపోతుంది, మీ ఊరికి కూడా పనికొస్తుంది.

పని మొదలుపెట్టాల్సింది ఆ 0.97 దగ్గర. దాన్ని గట్టిగా అనుమానించండి. మీ మీద నమ్మకం లేక చెప్పడం లేదు. జిల్లా స్థాయి పంటల డేటా మీద ఇంత పెద్ద అంకె వస్తే ముందుగా వెతకాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. మీ ఎక్సెల్ షీట్ తెరిచి చూడండి. ప్రభుత్వ గణాంకాల నుంచి తీసుకున్నదైతే జిల్లా, సంవత్సరం, సీజన్, పంట, విస్తీర్ణం, ఉత్పత్తి, దిగుబడి అనే కాలమ్‌లు ఉంటాయి. దిగుబడి అంటే ఉత్పత్తిని విస్తీర్ణంతో భాగిస్తే వచ్చేదే కదా. ఆ రెండు కాలమ్‌లూ ఇన్‌పుట్‌లో ఉంటే మీ మోడల్ భాగహారం నేర్చుకుందన్నమాట. ఇలాంటి పేపర్లు చాలానే అచ్చవుతున్నాయి. చదివేవాళ్ళు అంకె చూస్తున్నారు తప్ప కాలమ్‌లు చూడటం లేదు.

తర్వాత వాన కాలమ్. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడిన మొత్తం వర్షపాతాన్ని ఇన్‌పుట్‌గా ఇచ్చారా? ఇచ్చి ఉంటే మీరు సెప్టెంబరు ఆఖరున కూర్చుని జూన్ గురించి జోస్యం చెబుతున్నట్టు. మృగశిర కార్తెలో పదునువాన కోసం ఆకాశం చూస్తున్న రైతు దగ్గర ఆ సంఖ్య ఉండదు. ప్రతి కాలమ్ పక్కనా ఒక తేదీ రాయండి: ఈ సమాచారం రైతు నిర్ణయం తీసుకునే రోజుకు చేతిలో ఉంటుందా, ఉండదా? ఉండనివన్నీ తీసేసి మోడల్‌ని మళ్ళీ నడపండి.

ఇక ట్రెయిన్ (మోడల్‌కి నేర్పే డేటా), టెస్ట్ (దాన్ని పరీక్షించే డేటా) విడదీసిన పద్ధతి. వరుసలన్నీ కలిపి కలగాపులగంగా 80 శాతం, 20 శాతం అని విడదీస్తే అనంతపురం 2012 ట్రెయినింగ్‌లోకి, 2013 టెస్ట్‌లోకి, 2014 మళ్ళీ ట్రెయినింగ్‌లోకి వెళ్తాయి. పక్క సంవత్సరాలూ పక్క జిల్లాలూ తెలిసిపోయాక మధ్యలో ఖాళీ పూరించడం పెద్ద కష్టం కాదు. భవిష్యత్తును అంచనా వేస్తున్నాను అని చెప్పాలంటే ఒక సంవత్సరం దాకా నేర్పి, ఆ తర్వాతి సంవత్సరాల మీదే పరీక్ష పెట్టాలి. ఇక్కడ మన రాష్ట్రాల్లో ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. మీ టేబుల్లో "అనంతపురం" అన్న పేరు 2021లోనూ ఉంటుంది, 2023లోనూ ఉంటుంది. ఈలోగా కదిరి, ధర్మవరం, హిందూపురం, పుట్టపర్తి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళిపోయాయి. పేరు అదే, నేల వేరు. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయినప్పుడూ ఇదే జరిగింది. దీన్ని సరిచేయకుండా మోడల్‌కి ఇస్తే అది సరిహద్దు మార్పును వాతావరణ మార్పు అనుకునే ప్రమాదం ఉంది.

ఇదంతా చేశాక, గత ఐదేళ్ళ సగటునే అంచనాగా ఇస్తే ఎంత తప్పు వస్తుందో లెక్కకట్టండి. మీ మోడల్ దానికంటే ఎంత మెరుగ్గా ఉందన్నదే అసలు ఫలితం. 0.97 కాస్తా 0.4కి పడిపోవచ్చు. పడిపోతే బాధపడకండి, ఆ తగ్గుదలనే ఒక అధ్యాయంగా రాయండి. ఏ లీకు, అంటే మోడల్‌కి ముందే తెలియకూడని సమాచారం చేరిన ఏ దారి, అంకెను ఎంత పెంచిందో ఒక్కొక్కటిగా మూసి చూపించండి. ప్రిన్స్‌టన్‌లో సయాశ్ కపూర్, అరవింద్ నారాయణన్ 2023లో ప్రచురించిన పనిలో ఇలాంటి డేటా లీకేజీ 17 శాస్త్ర రంగాల్లో దాదాపు 300 పేపర్లను తాకిందని తేల్చారు. మీ అధ్యాయం మన పంటల డేటాకి అలాంటి తనిఖీ అవుతుంది. రివ్యూయర్లు దాన్ని ఎందుకు తిరస్కరిస్తారు?

లీకులన్నీ మూశాక కూడా ఒక దూరం మిగిలే ఉంటుంది. మీ మోడల్ చెప్పేది జిల్లా సగటు. అది కూడా పంట కోత ప్రయోగాల నుంచి, అంటే కొన్ని పొలాల్లో చిన్న చిన్న మడులు కోసి తూకం వేసి లెక్కకట్టిన అంచనా. మీ నాన్నగారు అడిగింది ఆయన చేను గురించి, ఆ వారం గురించి. జిల్లా సగటు ఎంత బాగా చెప్పినా "ఇప్పుడు వేయనా, ఇంకో వానకి ఆగనా" అన్న దానికి అది జవాబు కాదు. కాబట్టి థీసిస్‌లో ఒక మలుపు తీసుకోమని నా సలహా: దిగుబడి ఎంత అన్న ప్రశ్న నుంచి విత్తనం ఎప్పుడు అన్న ప్రశ్నకి. మీ దగ్గరున్న వాతావరణ డేటా, నేల డేటా, రాసుకున్న కోడ్ అన్నీ పనికొస్తాయి.

దీనికి మీ పక్క జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. 2016 ఖరీఫ్‌లో పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు విత్తే సమయం గురించి ఫోన్లకు తెలుగులో మెసేజీలు పంపాయి. ఆ ప్రాంతపు 30 ఏళ్ళ వాతావరణ సమాచారాన్ని, నేలలోని తేమ లెక్కను, ఆ ఏడాది వాతావరణ అంచనాను కలిపి సలహా తయారుచేశారు. జూన్ మొదటి వారంలో వేసే అలవాటున్న చోట ఇంకా ఆగమని చెప్పారు. భైరవానికుంటలో ఒక రైతు జూన్ 25 దాకా ఆగారు. దిగుబడి 30 శాతం ఎక్కువ వచ్చిందని ఆ సంస్థలు ప్రకటించాయి. ఈ కథను మెచ్చుకోండి, మెచ్చుకుంటూనే పరిశోధకురాలిగా ప్రశ్నలూ వేయండి. ఆ 30 శాతం ఎవరితో పోల్చినది? సలహా విన్నవాళ్ళు మామూలుగానే మిగతావారికంటే చురుకైన రైతులై ఉంటే? ఒక్క సీజన్ ఫలితం వర్షాభావ సంవత్సరంలో నిలుస్తుందా? అన్నిటికంటే నన్ను పట్టి కుదిపే ప్రశ్న వేరే ఉంది. చుట్టూ అందరూ విత్తుతుంటే మెసేజ్ మాట నమ్మి రోజులకు రోజులు ఖాళీగా కూర్చోవడానికి ఒక రైతుకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? అందరికీ అది ఎందుకు రాదు?

ఈ చివరి ప్రశ్నను పద్ధతిగా అడిగిన వాళ్ళూ ఉన్నారు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఫియోనా బర్లిగ్, ఆమె సహచరులు 2022లో తెలంగాణలోని 250 గ్రామాల్లో ఒక ప్రయోగం చేశారు. కొన్ని గ్రామాలను లాటరీ పద్ధతిలో ఎంచుకుని అక్కడి రైతులకు ఋతుపవనాల రాక గురించి చాలా ముందుగా అంచనా అందించారు. అంచనా చెప్పడానికి ముందే "ఈసారి వానలు ఎప్పుడొస్తాయని మీరు అనుకుంటున్నారు?" అని రైతుల్ని అడిగి రాసుకున్నారు. ఈ చిన్న జాగ్రత్తే ప్రయోగానికి ప్రాణం. తాము అనుకున్నదానికంటే ఆలస్యమని విన్నవాళ్ళు సాగు తగ్గించుకుని వేరే పనుల మీద దృష్టి పెట్టారు. తాము అనుకున్నదానికంటే ముందే వస్తాయని విన్నవాళ్ళు సాగు పెంచారు. రెండు రకాల వాళ్ళనీ కలిపి సగటు తీసి ఉంటే ఒకదానికొకటి కొట్టుకుపోయేవి, అంచనా వల్ల ఉపయోగం లేదని రాసేసేవారు. రైతు మనసులో అప్పటికే ఒక లెక్క ఉంటుంది. మీ మోడల్ మాట ఆ లెక్కను ఎటు, ఎంత జరిపిందో కొలవాలి. మీ నాన్నగారి నలభై ఏళ్ళ అనుభవాన్ని ఇలా గౌరవించవచ్చు: ముందు ఆయన అంచనా రాసుకోండి, తర్వాత మీది చెప్పండి.

ప్రిడిక్షన్ పాతబడిందన్న మాట గురించి కూడా మీ గైడ్ గారితో గౌరవంగానే విభేదించవచ్చు. 2025లో కేంద్ర వ్యవసాయ శాఖ ఏఐ మోడల్స్‌తో వేసిన ఋతుపవనాల అంచనాలను 13 రాష్ట్రాల్లో దాదాపు 3.8 కోట్ల మంది రైతులకు మెసేజీలుగా పంపింది. పాతబడిన పని మీద ఎవరూ ఇంత సాహసం చేయరు. అసలు ఎల్‌ఎల్‌ఎంలు చేసేదీ అంచనాయే. ఇంగ్లిష్ వాక్యంలో తర్వాతి అక్షరం ఏమిటో మనుషులు ఎంత బాగా ఊహించగలరో క్లాడ్ షానన్ 1951లోనే కొలిచాడు. 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ అనే న్యూరల్ నెట్‌వర్క్ నిర్మాణం మీద ఇప్పటి భాషా మోడల్స్ నిలబడి ఉన్నాయి. అవి కూడా ముందున్న మాటల్ని చూసి తర్వాతి ముక్క ఏదై ఉంటుందో అంచనా వేసుకుంటూ పోతాయి. మీరు ర్యాండమ్ ఫారెస్ట్‌తో నేర్చుకున్న జాగ్రత్తలన్నీ, లీకేజీతో సహా, అక్కడికీ వర్తిస్తాయి. మీరు పరీక్షకు పెట్టిన ప్రశ్నలు ఆ మోడల్ ట్రెయినింగ్ డేటాలో ముందే ఉంటే దాని మార్కులకు విలువ లేదు.

తేడా ఉన్నది చెప్పే తీరులో. మీ పాత మోడల్ "హెక్టారుకు 812 కిలోలు" అంటే చూసినవాడికి అదొక లెక్క అని తెలుస్తుంది, తప్పు కావచ్చని తోస్తుంది. భాషా మోడల్ అదే విషయాన్ని నిండు వాక్యంలో, మర్యాదగా, తడుముకోకుండా చెబుతుంది. తెలిసినప్పుడూ అదే గొంతు, తెలియనప్పుడూ అదే గొంతు. న్యూయార్క్‌లో 2023లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన కేసుల్ని కోర్టుకు సమర్పించారు. అవి అసలు లేనే లేవు. జడ్జి వాళ్ళకూ వాళ్ళ సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా వేశారు. చదువుకున్న లాయర్లనే ఆ గొంతు అంతగా నమ్మించింది. పొలం గట్టు మీద ఫోన్ పట్టుకున్న మనిషి దగ్గర తనిఖీ చేసుకోవడానికి లైబ్రరీ కూడా ఉండదు.

వేరుశనగలోనే ఒక ఉదాహరణ చూడండి. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని మన దగ్గర సిఫార్సు. అదే సిఫార్సు ఇంగ్లిష్ పత్రాల్లో హెక్టారుకు 500 కిలోలు అని ఉంటుంది. భాషా మోడల్ ఇంగ్లిష్‌లో చదివింది తెలుగులో చెబుతూ "ఎకరాకు 500 కిలోలు" అని రాసిందనుకోండి. వాక్యం చక్కగా ఉంటుంది, వ్యాకరణం తప్పు ఉండదు, జిప్సం ఖర్చు మాత్రం రెండున్నర రెట్లు అవుతుంది. ఇది జిప్సం కాబట్టి డబ్బుతో పోతుంది. కలుపు మందు విషయంలో ఇదే జరిగితే పంట పోతుంది. మీ చాట్‌బాట్ పరీక్షలో ఇలాంటి కొలతల ప్రశ్నలు వందల్లో ఉండాలి.

ఇంకొకటి నేరుగా తెలుగుకే సంబంధించింది. "ఈ వారం విత్తనం వేయండి", "ఈ వారం విత్తనం వేయకండి". మధ్యలో ఒక్క "క" తేడా. అనువాదం నాణ్యతను కొలిచే మామూలు పద్ధతులు అక్షరాలు, పదాలు ఎంతవరకు సరిపోలాయో లెక్కపెడతాయి. ఈ రెండు వాక్యాల మధ్య ఆ లెక్కలో తేడా స్వల్పంగానే వస్తుంది. రైతుకు మాత్రం సీజన్ మొత్తం తారుమారు. మన భాషలో వ్యతిరేకార్థం క్రియ లోపలే కలిసిపోతుంది. "వేయొచ్చు", "వేయొద్దు" ఫోన్‌లో గాలి హోరు మధ్య వింటే ఇంకా దగ్గరగా వినిపిస్తాయి. కాబట్టి సగటు స్కోరు చూపించి తృప్తిపడకండి. అర్థం తిరగబడ్డ వాక్యాలు ఎన్ని అన్నది విడిగా లెక్కపెట్టండి. ఆ లెక్కను మీ గ్రామ వ్యవసాయ సహాయకుల చేత, ఇద్దరు ముగ్గురు రైతుల చేత చేయించండి. కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల చేత చేయించొద్దు. వాళ్ళకి "పదును" అన్న మాట తగిలితే అది కత్తి పదునో నేల పదునో తేల్చుకోవడం కష్టమే.

రైతులు టైప్ చేయరు, మాట్లాడతారు. మాట గుర్తుపట్టే పని మీద యంత్రాలకు తొలి అడుగులు నేర్పిన వాళ్ళలో మీ రాయలసీమ మనిషే ఉన్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1960ల నుంచి ఈ పని చేసి, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. అన్నేళ్ళ పని జరిగాక కూడా అనంతపురం పల్లె యాసను ఒక యంత్రం ఎంత సరిగా వింటోందన్నది ఎవరైనా అక్కడికి వెళ్ళి రికార్డు చేసి కొలిస్తే తప్ప తెలియదు. ఐఐటీ మద్రాసు ఏఐ4భారత్ బృందం తెలుగుతో సహా 22 షెడ్యూల్డు భాషలకు అనువాద మోడల్స్‌ని అందరికీ తెరిచి పెట్టింది. కేంద్ర ప్రభుత్వ అనువాద వేదిక భాషిణి ఉంది, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో దశాబ్దాలుగా భారతీయ భాషల మీద పనిచేస్తున్న కేంద్రం ఉంది. కొత్త మోడల్ కట్టే భారం నెత్తిన వేసుకోకండి. ఉన్న మోడల్స్‌ని మీ జిల్లా మాట మీద పరీక్షించండి. అది మీరు చేయగలిగిన పని, బెంగళూరులోనో బోస్టన్‌లోనో కూర్చున్నవాళ్ళు చేయలేని పని.

గైడ్ గారు చాట్‌బాట్ ఉండాల్సిందే అంటే ఉండనివ్వండి. ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టుకోండి: అంకెను భాషా మోడల్ పుట్టించకూడదు. విత్తే తేదీ గానీ, వాన అవకాశం గానీ, ఎరువు మోతాదు గానీ మీ ప్రిడిక్షన్ మోడల్ నుంచో, విశ్వవిద్యాలయం సిఫార్సు పట్టిక నుంచో రావాలి. భాషా మోడల్ దాన్ని వాక్యంగా చెప్పాలి, అంతే. చెప్పిన వాక్యంలో నుంచి అంకెను, ప్రమాణాన్ని, వేయాలా వద్దా అన్నదాన్ని మళ్ళీ బయటికి తీసి మూలంతో సరిచూడాలి. సరిపోకపోతే మెసేజ్ వెళ్ళకూడదు. "ఈ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు, రైతు సేవా కేంద్రంలో అడగండి" అని చెప్పడం కూడా దానికి రావాలి. ఎన్నిసార్లు అలా అనాలో, ఎన్నిసార్లు అనవసరంగా అందో కొలవడం కూడా మీ పనిలో భాగమే.

ఇక నమ్మకం సైకాలజీ వాళ్ళ పని అన్నారు. చాలా పేపర్లు చూస్తే మీకలా అనిపించడంలో తప్పు లేదు. 50 మంది విద్యార్థులకు ఒక స్క్రీన్ చూపించి "దీన్ని ఎంత నమ్ముతారు, ఒకటి నుంచి ఐదులో చెప్పండి" అని అడిగి, 4.2 వచ్చిందని సంతోషించే పేపర్లంటే నాకూ గౌరవం లేదు. నమ్మకం పెరగడం లక్ష్యం ఎలా అవుతుంది? తప్పు చెప్పే యంత్రం మీద నమ్మకం పెరిగితే అది నష్టం. కావలసింది ఎంత నమ్మదగ్గదో అంతే నమ్మడం. రాజా పరశురామన్, విక్టర్ రైలీ 1997లోనే విమానాలు, ఫ్యాక్టరీల అనుభవంతో దీన్ని వివరించారు: అతిగా ఆధారపడటం ఒక ప్రమాదం, పనికొచ్చేదాన్ని పక్కన పడేయడం ఇంకో ప్రమాదం. రెండూ విడివిడిగా కొలవాల్సినవే. సలహా తప్పైనప్పుడు ఎంతమంది దాని వెంట వెళ్ళారు? సలహా ఒప్పైనప్పుడు ఎంతమంది కాదన్నారు? ఈ రెండు అంకెలూ మీ పట్టికలో ఉండాలి.

ఇందులో సగం బాధ్యత రైతుది కాదు, మోడల్‌ది. వాన అవకాశం 70 శాతం అని చెప్పిన రోజులన్నిట్నీ ఏరి చూస్తే వాటిలో సుమారు 70 శాతం రోజులు వాన పడి ఉండాలి. పడకపోతే ఆ మాటను నమ్మమని రైతును అడిగే హక్కు మనకు లేదు. దీన్ని తూచడానికి అమెరికా వాతావరణ శాఖలో గ్లెన్ బ్రయర్ 1950లోనే ఒక సూత్రం ఇచ్చాడు. ఇవాళ్టికీ దాన్నే వాడుతున్నాం. ఆశ్చర్యం ఏమిటంటే పంటల అంచనా పేపర్లలో దీన్ని లెక్కకట్టిన వాళ్ళు అరుదు. మీరు లెక్కకట్టండి.

వివరణ ఇస్తే నమ్మకం సర్దుకుంటుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ జాగ్రత్త. గగన్ బన్సల్, ఆయన సహచరులు 2021లో చూపించిందేమిటంటే, యంత్రం తన సలహాకు వివరణ జోడిస్తే మనుషులు దాన్ని ఎక్కువగా ఒప్పుకున్నారు, సలహా ఒప్పైనా తప్పైనా సరే. ఇంకోవైపు బర్క్‌లీ డీట్‌వర్స్ట్ బృందం 2015లో గమనించింది ఇంకొకటి: యంత్రం ఒకసారి తప్పు చేయడం కళ్ళారా చూస్తే, మొత్తం మీద అది మనిషికంటే మేలని తెలిసినా జనం దాన్ని వదిలేస్తారు. వర్షాధార వేరుశనగ పండించే చోట మంచి అంచనా కూడా అప్పుడప్పుడు తప్పుతుంది. ఆ తప్పిన ఏడాది తర్వాత రైతులు ఏం చేస్తారన్న దాని మీద పరిశోధన చాలా అవసరం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మీ జిల్లాకంటే దానికి తగిన చోటు దొరకదు.

డేటాను నమ్మేముందు ఆ డేటా ఎలా పుట్టిందో అడగాలన్నదానికి నేను తరచూ చెప్పే ఉదాహరణ న్యుమోనియా మోడల్. 1990ల్లో అమెరికాలో రిచ్ కరువానా పనిచేసిన బృందం న్యుమోనియా రోగుల్లో ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో అంచనా వేసే మోడల్స్ తయారుచేసింది. ఒక మోడల్ బయటపెట్టిన నియమం అందరినీ ఉలిక్కిపడేలా చేసింది: ఉబ్బసం ఉన్నవాళ్ళకు న్యుమోనియా వస్తే ప్రమాదం తక్కువ! డేటాలో అది నిజమే. ఎందుకంటే ఉబ్బసం ఉందని తెలియగానే డాక్టర్లు వాళ్ళను నేరుగా ఐసీయూకి పంపి ప్రత్యేకంగా చూసుకున్నారు, అందువల్ల బతికారు. ఆ మోడల్ మాట విని వాళ్ళను ఇంటికి పంపి ఉంటే చనిపోయేవాళ్ళు. మీ డేటాలోనూ ఇలాంటివి ఉంటాయి. ఆలస్యంగా విత్తిన చేలలో దిగుబడి తక్కువ అని మోడల్ చెబితే కారణం తేదీయేనా? లేక విత్తనానికి డబ్బు సర్దుబాటు కానివాళ్ళే ఆలస్యంగా వేశారా? దీనికి జవాబు కాలమ్‌లలో దొరకదు. ఊళ్ళో అడగాలి, అడగడానికి మీకు ఇల్లే ఉంది.

మీ నాన్నగారికి ఉన్న ఒక స్వేచ్ఛ గురించి కూడా చెప్పాలి. మీ సలహా నచ్చకపోతే ఆయన వినరు, అంతే. అందరికీ ఆ వీలు ఉండదు. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు ప్రభుత్వ శాఖల రికార్డుల్లోని పేర్లను, చిరునామాలను పోల్చి, ఎవరికి కారు ఉంది, ఎవరికి ఆస్తి ఉంది అని తేల్చింది. ఆ లెక్కతో రేషన్ కార్డులు పోయిన వాళ్ళలో అర్హులైన పేదలూ ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ పరిశీలించమని ఆదేశించాల్సి వచ్చింది. సుమారు 19 లక్షల కార్డుల సంగతి అది. ఇది కూడా డేటాతో వేసిన అంచనాయే, ఇందులోనూ భాష ఉంది. మన పేర్లు ఇంగ్లిష్‌లో ఒక్కొక్క ఆఫీసులో ఒక్కొక్క స్పెల్లింగుతో ఉంటాయి, ఒకే ఊళ్ళో ఒకే పేరు పదిమందికి ఉంటుంది. యంత్రం "ఇద్దరూ ఒకరే" అని అంచనా వేసింది, ఆఫీసు దాన్ని తీర్పుగా తీసుకుంది, తప్పని చెప్పుకోవడానికి పేదవాడు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. నమ్మకం మీద పరిశోధన ఎందుకు అని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ఇదే. మీ మోడల్ రేపు పంట బీమాకో, అప్పుకో వాడితే ఏమవుతుందో థీసిస్‌లో ఒక్క సెక్షన్ అయినా రాయండి.

మీ నాన్నగారికి ఇప్పుడేం చెప్పాలని కదా మీ బాధ. ఉన్నదున్నట్టు చెప్పండి: "ఇప్పుడే వద్దు నాన్నా, ఇది జిల్లా సగటు చెబుతుంది, మన చేను గురించి చెప్పదు. వచ్చే రెండు మూడు సీజన్లు నువ్వనుకున్న తేదీ, ఇది చెప్పిన తేదీ రెండూ రాసిపెడదాం." ఆయన ఒప్పుకుంటే మీ ఊళ్ళో ఇంకొందరిని కలుపుకోండి. కొలతలో మొదటి ఏడాది ఎవరినీ సలహా పాటించమనకండి, పోల్చి చూడండి చాలు. తప్పు సలహాతో ఒక ఎకరం పోయినా ఆ నష్టాన్ని మీ పీహెచ్‌డీ పూడ్చలేదు.

గైడ్ గారి దగ్గరికి వెళ్ళేటప్పుడు "మీరు చెప్పింది కాదు" అని మొదలుపెట్టకండి. ఆయన కోరిన తెలుగు చాట్‌బాట్ ఇందులో ఉంది. దాని వెనక తనిఖీ చేసిన ప్రిడిక్షన్, ముందు రైతుల మీద కొలత ఉంటాయి. మూడు పేపర్లకు సరిపడా సరుకు కనబడితే ఆయన కాదనరు. ఫుల్‌టైమ్‌కి మారాలా అని మీరు అడగలేదు గానీ, ఫీల్డ్ పని కోసం ఖరీఫ్‌లో రెండు నెలలు సెలవు దొరికితే ఉద్యోగం వదలనవసరం లేదు.

చివరగా కాగితాల పని. రైతుల గొంతులు రికార్డు చేస్తారు, పొలం వివరాలు తీసుకుంటారు కాబట్టి మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. సమ్మతి పత్రం ఇంగ్లిష్‌లో రాసి అనువదించకండి, మొదటే తెలుగులో రాసి, చదవడం రానివాళ్ళకు వినిపించడానికి ఆడియో కూడా పెట్టుకోండి. కమిటీ ఒకసారి వెనక్కి పంపుతుంది, సవరించి ఇస్తే ఇంకో మీటింగ్ దాకా ఆగమంటుంది. తొలకరికి పొలంలో ఉండాలంటే దరఖాస్తు సంక్రాంతి సెలవులు అవగానే పెట్టేయండి.